ఇల్లు మారింది, సీ బుక్కు మారలేదు

అనంతపురం ప్రాంతంలో ఊరు విడిచి పోవడం కొత్త సంగతి కాదు. వానలు మొహం చాటేసిన ఏడు, వేరుశనగ ఎండిపోయిన ఏడు, కుటుంబాలకు కుటుంబాలే బెంగుళూరు బస్సెక్కుతాయి. పిల్లల చదువుల కోసం అనంతపురానికో, హిందూపురానికో, ధర్మవరానికో మారేవారు వేరే ఉన్నారు. ఇల్లు మారేటప్పుడు అన్నీ గుర్తుంటాయి. పిల్లల టి.సి. తీసుకుంటారు. గ్యాసు కనెక్షను మార్పించుకుంటారు. బియ్యం బస్తా, మంచం, మిక్సీ లారీకెక్కుతాయి. మోటారు సైకిలు కూడా వెంట వస్తుంది. కాని దాని సీ బుక్కులో మాత్రం పాత ఊరు, పాత ఇంటి నెంబరే ఉండిపోతాయి.

"బండి నాది. పోలీసులు ఆపితే చూపడానికి కాగితం ఉంది. ఇంకేం కావాలి?" అన్నది తరచుగా వినిపించే మాట. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. చిరునామా పాతదైనంత మాత్రాన బండి పరాయిదైపోదు. డ్రైవింగు లైసెన్సు ఏ ఊళ్ళో పుచ్చుకున్నా దేశమంతటా చెల్లుతుంది. అయితే చిక్కు వచ్చేది రోడ్డు మీద బండి ఆపినప్పుడు కాదు. బండి సొంతదారును వెతుక్కుంటూ కోర్టు కాగితం బయలుదేరినప్పుడు వస్తుంది. ఆ కాగితం తట్టే తలుపు సీ బుక్కులో రాసి ఉన్న తలుపే.

నోటీసు పాత ఇంటికి

కదిరి ప్రాంతం నుంచి బెంగుళూరు వెళ్ళి స్థిరపడిన మేస్త్రీ ఒకరున్నారనుకుందాం. ఊళ్ళో ఇల్లు ఖాళీ. మూడెకరాల పొలం మాత్రం ఉంది. ఆయన మోటారు సైకిలు బావమరిది తీసుకువెళ్ళగా దారిలో ఒక వృద్ధునికి తగిలి కాలు విరిగింది. బాధితుడు నష్టపరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునలుకు వెళ్ళాడు. ట్రిబ్యునలు మూడు నోటీసులు పంపుతుంది. ఒకటి బండి నడిపినవారికి, ఒకటి ఇన్సూరెన్సు కంపెనీకి, ఒకటి సొంతదారుకు. సొంతదారు నోటీసు పాత ఊరికి పోతుంది. ఇంటికి తాళం ఉందని రాసి తపాలా వారు తిప్పి పంపుతారు. ఆ తరువాత పత్రికలో ప్రకటన పడవచ్చు. బెంగుళూరులో సెంట్రింగు పనిలో ఉన్న మనిషి ఆ ప్రకటన చూసే అవకాశం తక్కువ. కేసు ఆయన లేకుండానే, అంటే ఎక్స్‌పార్టీగా, నడిచిపోతుంది.

అక్కడ ఇన్సూరెన్సు కంపెనీ వకీలు అడిగే మొదటి ప్రశ్న, బండి నడిపినవారికి లైసెన్సు ఉందా అని. బావమరిదికి లైసెన్సు ఉండి ఉండవచ్చు. అది ఉన్నదని చెప్పవలసిన సొంతదారు కోర్టులో లేడు. లైసెన్సు లేదని తేలితే, బాధితునికి ముందు కంపెనీయే చెల్లించి, ఆ సొమ్మును సొంతదారు నుంచి రాబట్టుకోవచ్చునని కోర్టులు ఆదేశించడం ఉంది. పాలసీ గడువు దాటి ఉంటే మొత్తం భారం సొంతదారు మీదనే పడుతుంది. ఆ సొమ్ము చెల్లించకపోతే మోటారు వాహనాల చట్టం 174వ సెక్షను ప్రకారం ట్రిబ్యునలు కలెక్టరుకు సర్టిఫికెట్టు పంపవచ్చు. అప్పుడు ఆ బాకీని భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేస్తారు. సీ బుక్కులో ఒక్క పంక్తి మార్చుకోకపోవడం చివరకు ఊళ్ళోని మూడెకరాల మీదికి వస్తుంది.

ఇంత దూరం పోకపోయినా చిన్న చిక్కులు చాలా ఉన్నాయి. దొంగిలించిన బండిని పోలీసులు ఎక్కడో పొదల్లో పట్టుకుంటే, నెంబరును బట్టి చిరునామా తీసి కబురు పంపుతారు. చిరునామా తప్పయితే బండి స్టేషను ఆవరణలో తుప్పు పడుతుంది. జరిమానా చలాన్లు ఇప్పుడు రికార్డులో ఉన్న ఫోను నెంబరుకు వస్తున్నాయి. ఆ నెంబరు ఎప్పుడో పారేసిన సిమ్ముది అయితే, బండి మీద చలాన్లు పేరుకుపోయిన సంగతి అమ్మబోయే రోజు వరకు తెలియదు.

చట్టం ఏం చెబుతున్నది

1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమలులో ఉంది. దాని 49వ సెక్షను ప్రకారం, సీ బుక్కులో ఉన్న చిరునామాలో నివాసం మానుకున్న సొంతదారు 30 రోజుల లోపల కొత్త చిరునామా తెలియజేయాలి. ఇందుకు వాడేది 33వ నెంబరు ఫారం. కొత్త ఇల్లు వేరే రవాణా కార్యాలయం పరిధిలోకి వస్తే అక్కడే ఇవ్వాలి. రాష్ట్రం లోపల మారినంత వరకు బండి నెంబరు మారదు. అప్పు మీద కొన్న బండి అయితే ఫైనాన్సు వారి అంగీకారం కూడా కావాలి. ఆలస్యమైతే కట్టవలసిన సొమ్ము 2019 సవరణ తరువాత 500 రూపాయలకు మించదు. కోర్టులో పడే భారంతో పోలిస్తే ఇది ఏపాటిది?

రాష్ట్రం దాటితే పద్ధతి వేరు. బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకునేవారు అక్కడి నెంబరు వేయించుకోవాలని 47వ సెక్షను చెబుతోంది. అందుకు ముందుగా ఇక్కడి కార్యాలయం నుంచి 28వ ఫారం మీద నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. తరువాత అక్కడి కార్యాలయంలో 27వ ఫారం ఇచ్చి, అక్కడి పన్ను కట్టాలి. ఇక్కడ కట్టిన జీవిత పన్నులో మిగిలిన కాలానికి తగిన భాగాన్ని వాపసు కోరవచ్చు. కోరనివారికి ఎవరూ పిలిచి ఇవ్వరు.

ఊళ్ళు తిరిగే ఉద్యోగుల కోసం 2021లో కేంద్రం బి.హెచ్. నెంబరు తెచ్చింది. ఆ నెంబరున్న బండికి రాష్ట్రం మారినప్పుడల్లా కొత్త నెంబరు అక్కరలేదు. అయితే అది ప్రభుత్వోద్యోగులకు, నాలుగు లేదా అంతకు మించిన రాష్ట్రాలలో కార్యాలయాలున్న కంపెనీల ఉద్యోగులకు. అందరికంటే ఎక్కువగా రాష్ట్రాలు దాటే మేస్త్రీకీ, కూలీకీ ఆ వసతి లేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. చట్టం మాట్లాడేది పాత చోట నివాసం మానుకున్నవారి గురించి. సుగ్గికి పోయి మళ్ళీ విత్తనం వేళకు ఊరు చేరేవారు, రేషను కార్డు, ఓటు, ఇల్లు, తల్లిదండ్రులు ఊళ్ళోనే ఉన్నవారు చిరునామా మార్చుకోవలసిన పని ఉండదు. అటువంటివారు రికార్డులో తమ ఫోను నెంబరు సరిగా ఉందో లేదో చూసుకోవాలి. తమ పేర వచ్చే కాగితాన్ని చదివించి ఫోనులో చెప్పమని ఇంట్లోవారికి చెప్పి పోవాలి. సంతకం పెట్టి తీసుకుంటే కేసు మెడకు చుట్టుకుంటుందన్న భయంతో రిజిస్టరు కవర్లను తిప్పి పంపే అలవాటు పల్లెల్లో ఉంది. కవరు తిప్పి పంపితే కేసు ఆగదు. సొంతదారు మాట వినకుండా నడుస్తుంది, అంతే.

ఇల్లు కదలలేదు, జిల్లా కదిలింది

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. హిందూపురం, కదిరి, ధర్మవరం, పెనుకొండ, మడకశిర ప్రాంతాలు పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. ఆ ఊళ్ళవారి సీ బుక్కుల్లో అనంతపురం జిల్లా అనే ఉంది. దీన్ని చూపి నెంబరు మార్చాలని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మనక్కరలేదు. ఏపీ 02 అన్న పాత నెంబరు బండ్లు నిక్షేపంగా తిరగవచ్చు. వేరే పని మీద కార్యాలయానికి వెళ్ళినప్పుడు కొత్త జిల్లా పేరు కూడా రాయించుకుంటే సరిపోతుంది.

మరో సంగతి ఉంది. వెనుక నెంబరు పలక చూసి బండి ఏ జిల్లాదో చెప్పగలిగేవారు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస వచ్చింది. ఆ తరువాతి బండ్ల పలక మీద జిల్లా గుర్తు లేదు. సొంతదారు జాడ చెప్పేది ఇక రికార్డు ఒక్కటే. ఆ రికార్డు తప్పయితే జాడ లేనట్టే.

అమ్మిన బండి ఎవరిది?

చిరునామా కంటే పెద్ద నిర్లక్ష్యం పేరు మార్పు విషయంలో జరుగుతున్నది. సంతలోనో, టీ అంగడి దగ్గరో బేరం కుదురుతుంది. తెల్ల కాగితం మీద సంతకం, చేతిలో డబ్బు, తాళం చెవి అప్పగింత. అమ్మినవారు ఇల్లు మారి పోతారు. కొన్నవారు పేరు మార్పించుకోరు. ఆ బండి చేసిన ప్రతి పనికీ చట్టం దృష్టిలో పాత మనిషే సొంతదారు. ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన ఒక కారు ప్రమాదం కేసులో, రిజిస్ట్రేషను ఎవరి పేర ఉన్నదో వారే పరిహారానికి బాధ్యులని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎప్పుడో అమ్మేశానన్న మాట అక్కడ నిలవలేదు.

రాష్ట్రం లోపల బండి అమ్మినవారు 14 రోజుల లోపల 29వ ఫారం మీద రవాణా కార్యాలయానికి తెలపాలి. కొన్నవారు 30 రోజుల లోపల తమ పేరుకు మార్చమని కోరాలి. తండ్రి పేర ఉన్న బండిని తండ్రి పోయాక కొడుకు ఏళ్ళ తరబడి నడపడం ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తుంది. సొంతదారు మరణిస్తే వారసులు 30 రోజులలో ఆ సంగతి తెలిపి, మూడు నెలల లోపల 31వ ఫారంతో పేరు మార్పించుకోవాలి. లేకపోతే బండికి సొంతదారు కాటికి పోయిన మనిషే.

తప్పు పల్లెవాసిది ఒక్కటేనా?

ఇన్ని నిబంధనలు ఉన్నా పల్లెవాసులు ఆ గడప తొక్కకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణమంటే అన్యాయం. మారుమూల పల్లె నుంచి రవాణా కార్యాలయానికి పోయి రావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే. తీరా వెళితే ఒక కాగితం తక్కువంటారు. మళ్ళీ ఇంకో రోజు. అందుకే గేటు బయట దళారీ వ్యాపారం సాగుతున్నది. ప్రభుత్వ రుసుము ఎంతో, దళారీ పుచ్చుకున్నది ఎంతో తేడా తెలియక అడిగినంత ఇచ్చి వస్తారు.

అన్నిటికంటే గడ్డు సమస్య చిరునామా రుజువు. పట్టణంలో ఒక్క గది అద్దెకు తీసుకున్న కూలీకి ఇంటివారు అద్దె ఒప్పందం రాసి ఇవ్వరు. కరెంటు బిల్లు ఇంటివారి పేరనే వస్తుంది. ఆధార్‌లో ఊరు మార్చుకుంటే రేషనుకు, పింఛనుకు ఏం ముప్పు వస్తుందోనని భయం. 2021 మార్చిలో కేంద్ర రవాణా శాఖ చిరునామా మార్పు సహా 18 సేవలను ఆధార్ ఆధారంగా, కార్యాలయం గడప తొక్కకుండా పొందవచ్చునని ఉత్తర్వు ఇచ్చింది. కాగితాలను కంప్యూటరు ద్వారా పంపడానికి 2019 సవరణ కూడా వీలు కల్పించింది. ఇవి చదువుకున్న పట్టణవాసికి మేలు చేసేవే. ఆధార్‌లోనే పాత ఊరు ఉన్నవానికి ఇవి ఎంత మాత్రం అక్కరకు వస్తాయి?

రవాణా శాఖ చేయదగిన పనులు అసాధ్యమైనవేమీ కావు. నెలకు ఒక రోజు, ముందే చాటింపు వేసిన తేదీన, సిబ్బంది మండల కేంద్రానికి వచ్చి చిరునామా, పేరు మార్పు దరఖాస్తులు తీసుకోవచ్చు. సంత రోజైతే మరీ మంచిది. 2019 అక్టోబరు నుంచి వచ్చిన గ్రామ సచివాలయాల సిబ్బంది చేత ఫారాలు నింపించవచ్చు. ఏ పనికి ఏ కాగితం కావాలో, రుసుము ఎంతో తెలుగులో పెద్ద అక్షరాలతో పంచాయతీ గోడ మీద రాయించవచ్చు. అద్దె ఒప్పందం లేని కూలీకి ఇంటి యజమాని లేదా పని ఇచ్చినవారి వాంగ్మూలాన్ని, విచారించిన మీదట, రుజువుగా అంగీకరించే మార్గం ఆలోచించవచ్చు. పేరు మార్పునకు ఆలస్యమైనవారికి ఒకసారి గడువు ఇచ్చి, జరిమానా లేకుండా సరిచేసుకోనిస్తే పాత లెక్కలెన్నో తేలిపోతాయి.

అంతవరకు పల్లెవాసులు చేతులు ముడుచుకు కూర్చోవడం మంచిది కాదు. ఇన్సూరెన్సు కట్టే రోజున సీ బుక్కు తీసి, పేరు, ఊరు, ఫోను నెంబరు, రిజిస్ట్రేషను గడువు నాలుగూ చదివించుకోవాలి. కొత్త బండి రిజిస్ట్రేషను 15 ఏళ్ళకే చెల్లుతుంది. లైసెన్సు గడువు కూడా అప్పుడే చూసుకోవాలి. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్ళీ డ్రైవింగు పరీక్షకు నిలబడవలసిందే. పాత కాగితంతో పోయే కూలి ఒక్క రోజుది కాదు. పొలం దాకా పోవచ్చు. ఆ సంగతి ఊళ్ళో చదువుకున్న పిల్లలు నలుగురికీ చెప్పాలి. అధికారులు మండలానికి వచ్చి ఆ కాగితం సరిచేసి పోవాలి.