ఆడపిల్లకు ఓడలెందుకంటారా?

మొన్న పెరుగు తోడుకని మా ఇంటికొచ్చిన పక్కింటావిడ, వరండాలో నేను చేస్తున్న పని చూసి ముక్కున వేలేసుకుంది. "ఏందక్కా, ఈ వయసులో చిన్నపిల్లోళ్ల మాదిరి పడవలు చేసుకుంటాండావు? దీంతో పైసా వస్తాదా?" అంది. ఆవిడనేం అనడానికి లేదు. కాకపోతే మావారు రిటైరయ్యాక ఇదే వరండాలో పాత రేడియోలు విప్పుకుని కూర్చుంటే "సార్‌కు మంచి హాబీ ఉండాది" అని మెచ్చుకుంది కూడా ఆవిడే. మగవాళ్లు చేస్తే హాబీ, మనం చేస్తే పనీపాటా లేకపోవడం!

నేను కడుతున్నది ధోనీ. పేరు చెప్పగానే పిల్లలంతా క్రికెట్ ఆటగాడనుకున్నారు. కాదు, ఒకప్పుడు మన కోస్తాలో ధాన్యం, ఉప్పు మోసిన తెరచాప ఓడ. మా పుట్టిల్లు తాళ్లరేవు దగ్గర. వెలుగోడు కోడలినై ముప్పై ఏడేళ్లయింది. ఇక్కడ నీళ్లంటే తెలుగుగంగ రిజర్వాయరే. దాదాపు 17 టీఎంసీల నీళ్లు పట్టే చెరువు మీద చేపలవాళ్ల పుట్టి తిరుగుతుందేగానీ ఓడ అనేది మా వీధిలో ఎవరూ చూసెరుగరు. అందుకే నా పని వింతగా ఉంది.

మా అమ్మ నాన్నగారు ఓడ వడ్రంగి. పలకల సందుల్లో దూది కూరేటప్పుడు, నావి చిన్న వేళ్లని నన్ను పిలిచేవారు. ఆయన పోయాక బాడిసె, ఉలులు, చిత్రిక ఉన్న పెట్టె మగపిల్లలకే చెందాలన్నారు పెద్దలు. నాకు పట్టుచీర పెట్టారు. రెండేళ్లు తిరక్కుండా ఆ పెట్టె పాత ఇనపసామాన్లవాడి తక్కెడలోకి వెళ్లింది. చీర ఇప్పటికీ బీరువాలోనే ఉంది. కట్టబుద్ధి కాలేదు.

తాతయ్య కాగితం మీద గీసేవారు కాదు. అంతా కంటిచూపు, చేతివాటం. అందుకే ఆయనతో పాటే అదంతా పోయింది. మనవాళ్లు సముద్రం ఎరగనివాళ్లా అంటే, శాతవాహనుల నాణాల మీదే రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. కోరంగి ఎంత పేరున్న రేవంటే, రంగూన్‌లో తెలుగువాళ్లందర్నీ 'కోరంగీలు' అనే పిలిచేవారు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెనలొచ్చి ఆ రేవును తుడిచిపెట్టాయి. మరి ఆ ఓడల కొలతలు ఎక్కడ దొరికాయంటారా? పరాయివాళ్ల పుస్తకాల్లో! ట్రింకోమలీలో ఓడల పని చూసిన జాన్ ఎడై అనే ఇంగ్లీషాయన 1834లో కోరమాండల్ ధోనీ గురించి రాశాడు. పొడవు 70 అడుగులు, వెడల్పు 20, లోతు సుమారు 12, అడుగు బల్లపరుపు అని. ఇంత మోటు ఓడ నేనెక్కడా చూడలేదని ఈసడించాడు కూడా. ఈసడించినా కొలిచాడు, అది మేలు. ఫ్రెంచి నావికుడు పారిస్ (ఊరు కాదు, మనిషి పేరే) ప్రపంచమంతా తిరుగుతూ ఆయా దేశాల పడవల్ని గీసుకుని 1840లలో పుస్తకం వేశాడు. తర్వాత లూవ్ర్‌లో నావికా మ్యూజియానికి అధికారై, ఆ గీతల్ని బట్టి నమూనాలు చేయించాడు.

టైలరింగ్ వచ్చినవాళ్లకి ఈ పని కష్టం కాదు. అడుగుకు పావంగుళం లెక్క పెట్టుకున్నాను. 70 అడుగుల ఓడ పదిహేడున్నర అంగుళాలయింది, వెడల్పు అయిదు, లోతు మూడు. ఒక్క నూలు తప్పితే అసలు ఓడలో అరడుగు తేడా వచ్చినట్టు. మన ఆళ్లగడ్డ శిల్పులు చిన్న నమూనా చూసి పెద్ద విగ్రహం చెక్కుతారే, ఇది దానికి తలకిందులు. ముందు అడుగు దూలం, దానికి పక్కటెముకల్లాంటి వంపు చెక్కలు, వాటిపైన పలకలు. వడ్రంగి కొట్లో పారేసే టేకు ముక్కలు సన్నగా చీల్చి, వేడినీళ్లలో నానబెట్టి వంచుతాను. తెరచాప కొయ్యకు వెదురు, తాళ్లకు మైనం రాసిన కుట్టుదారం, తెరచాపకు టీ డికాక్షన్‌లో ముంచిన పాత పంచె. మొదటి ఓడ పాడుచేశాను. ఒక పక్క పలకలన్నీ వేసి రెండో పక్క మొదలెట్టేసరికి అది అరటికాయలా వంకర తిరిగింది. అటొకటి ఇటొకటి వేసుకుంటూ పోవాలని అప్పుడు తెలిసింది. బజార్లో దొరికే కిట్లు కొనమని నేను చెప్పను. వేలకు వేలు పోయాలి, పైగా అన్నీ విక్టరీ, కటీ సార్క్ లాంటి ఇంగ్లీషు ఓడలే.

నెపోలియన్ యుద్ధాల్లో ఇంగ్లండుకు చిక్కిన ఫ్రెంచి ఖైదీలు తిండిలో మిగిలిన ఎముకలతో ఎంత ముచ్చటైన ఓడలు చేశారో! నాలుగ్గోడల మధ్య ఉన్నవాళ్లకే ఓడల మీద మనసు పోతుందేమో మరి.

అసలు నాకు బాధేసింది వేరే సంగతికి. పక్కింటావిడ మనవరాలు ఎనిమిదో తరగతి. నా దగ్గర కూర్చుని కొలతలన్నీ నేర్చేసుకుంది. స్కూల్లో ఎగ్జిబిషనొస్తే ఓడ చేస్తానందట. "అది మగపిల్లలకిచ్చినాం, నువ్వు ముగ్గు వెయ్యి" అన్నారట. ఇంట్లోనేమో "రంపం తగిలి చెయ్యి తెగితే రేపు పెండ్లెట్ల అవుతాది?" అని వాళ్ల జేజి. పదేళ్లకే ఆడపిల్లను కత్తిపీట ముందు కూర్చోబెడతాం. దోసకాయలు తరిగేటప్పుడు తెగని చెయ్యి జానెడు రంపానికే తెగుతుందా? ముగ్గు తక్కువదని కాదు, చుక్కలు లెక్కపెట్టి పెట్టేవాళ్లకి లెక్కలు రావని ఎలా అనుకుంటారనే నా ప్రశ్న.

పొద్దస్తమానం చాకిరీ చేసేవాళ్లకి ఈ సరదాలకు తీరికెక్కడిదంటారు. నిజమే, కూలికెళ్లి వచ్చే అక్కచెల్లెళ్లకు నేనీ మాట చెప్పలేను. కానీ సీరియల్‌కు అరగంట దొరికే ఇంట్లో దీనికీ దొరుకుతుంది. తాళ్లరేవు వైపు చెక్క పడవలు కట్టే చేతులు ఇంకా ఉన్నాయి. మన ఇంజనీరింగ్ కాలేజీలవాళ్లు, ఆడపిల్లల్ని కూడా కలుపుకుని, టేపు పట్టుకుని వెళ్లి కొలిచి రాసుకోవచ్చు కదా? మళ్లీ ఏ ఎడైనో రావాలా?

ఆ పాప నిన్న సాయంత్రం మా వరండాలో చుక్కాని కోసింది. జేజికి తెలియదు, ఇప్పుడు ఇది చదివితే తెలుస్తుంది. రెండు నూళ్లు ఎక్కువొచ్చింది. ఉప్పుకాగితం చేతికిచ్చి అరగదియ్యమన్నాను.