కాటాకు ముద్ర గలదు, లెక్కకేది?

ముసునూరు మండలపు తోటలలో మామిడి కోతకు వచ్చిన దినములలో రైతు కన్ను కాటా మీదనే యుండును. బంగినపల్లియు, రసాలును, కలెక్టరును ట్రేలకెక్కి నూజివీడు దారిన విజయవాడ చేరువనున్న నున్న మార్కెట్టునకు పోవును. కొంత సరకు తోటగట్టుననే తూగి వర్తకుని లారీ యెక్కును. తూకము ఎచ్చట జరిగినను రైతు ప్రక్కన నిలిచి అంకెను చూచుకొనును. తరతరముల అనుభవము అతనికా జాగ్రత్త నేర్పినది. శాసనము కూడ అతని పక్షముననే యున్నది. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టము ననుసరించి, వ్యాపారమున వాడు కాటా సర్కారు తనిఖీ పొంది ముద్ర వేయించుకొనవలెను. ముద్ర లేని కాటాతో తూచుట నేరము.

కాని కాటా చూపిన బరువు రూపాయలుగా మారుట కాటా మీద జరుగదు. ఆ బరువు వర్తకుని గదిలోని కంప్యూటరునకు పోవును. అచ్చట తరుగు తీయబడును; కమీషను, హమాలీ, కిరాయి, ముందిచ్చిన బయానా తగ్గింపబడును; తుదకొక చీటీ అచ్చై రైతు చేతికి వచ్చును. ఆ లెక్క ఏ సూత్రముపై నడచినదో రైతునకు తెలియదు, గుమాస్తాకు తెలియదు. ఒక్కొక్కచో వర్తకునకును తెలియదన్నచో పాఠకులు నమ్మకపోవచ్చును. మా యెదుటికి వచ్చిన సంగతి యొకటి చెప్పెదము.

ఒక రైతు తన చీటీ తీసికొని మా యొద్దకు వచ్చెను. కుదిరిన మాట టన్నుకు 50 కిలోల తరుగు. ధర కిలో 25 రూపాయలు. సరకు 40 తూకములుగా తూగినది. ట్రేల బరువు పోను ప్రతి తూకమును 80 కిలోలకు పైగను, 90 కిలోలకు లోపుగను ఉన్నది. మొత్తము 3,360 కిలోలు. దానిపై తరుగు 168 కిలోలని నోటిలెక్క తెలిసిన వాడెవడైనను చెప్పగలడు. చీటీలో 200 కిలోలని యున్నది. తేడా 32 కిలోలు, అనగా 800 రూపాయలు.

రైతు దగా యనెను. వర్తకుడు బిత్తరపోయెను. "కంప్యూటరు వేసిన లెక్కండీ, మేము చేత్తో ఒక్క అంకె మార్చలేదండీ" యనెను. అతడాడినది నిజమే. తూకముల పట్టీ ముందు పెట్టుకొని చేతితో లెక్క వేయగా గుట్టు బయటపడినది. తరుగును మొత్తము సరకుపై కట్టుటకు మారుగా ప్రతి తూకముపై విడివిడిగా కట్టి, నాలుగు కిలోలపైన ఎన్ని గ్రాములు వచ్చినను దానిని నిండు 5 కిలోలుగా పైకి సవరించుచు ఆ లెక్క నడచుచున్నది. నలుబది తూకములకు నలుబది సవరణలు! ఆ యేర్పాటు వ్రాసిన కుర్రవాడు రెండేండ్ల క్రిందటనే ఊరు విడిచిపోయెను. చూచుటకు మూలము లేదు. దిద్దుటకు మనిషి లేడు. వర్తకుడు మర్యాదస్తుడు గనుక ఆ రైతునకు 800 రూపాయలు చెల్లించెను. మరి అడుగని రైతుల మాట యేమి?

ఇందు దొంగ లేడు. అయినను సొత్తు పోయినది. దొంగ లేని దొంగతనమును పట్టుకొనుట ఎట్లు? అందులకు ఈ యేర్పాట్లు ఎట్లు పుట్టి ఎట్లు అమ్ముడగుచున్నవో తెలిసికొనవలెను.

దేశమున చిన్న దుకాణము మొదలు మిల్లు వరకు విశేషముగ వాడుకలో నున్న జమాఖర్చుల సాఫ్ట్‌వేరు టాలీ. శ్యామసుందర్ గోయెంకాయు, ఆయన కుమారుడు భరత్ గోయెంకాయు 1986లో స్థాపించిన సంస్థ దానికి మూలము. బెంగళూరు దాని నెలవు. తన వ్యాపారమునకు తగిన లెక్కల సాధనము దొరకక తండ్రి కుమారునిచే దానిని వ్రాయించెను. ఇది స్వదేశపు బుద్ధి పండించిన పంట, మనము గర్వింపదగినదే. కాని దేశమంతటికిని ఒకే కొలతకు కుట్టిన చొక్కా అందరి యొంటికి సరిపడదు. చిట్టా, ఆవర్జా, జీఎస్టీ అందరకు నొక్కటే. మామిడి తరుగు, ట్రేల లెక్క, తోట కౌలు వాయిదాలు ఆయా ప్రాంతముల వాడుకలు. అందుచే టాలీవారు టీడీఎల్ అను భాషను కల్పించి, ఆ భాషలో క్రొత్త యేర్పాట్లు వ్రాసి టాలీకి తగిలించుకొనుటకు ఇతరులకు వీలొసగిరి. దీనినే యాడ్-ఆన్ అనుచున్నారు. మనము చేర్పు అందము. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోనికి వచ్చినది మొదలు పెక్కురు చిన్న వర్తకులును కంప్యూటరు లెక్కకు దిగవలసివచ్చిరి. వారి అక్కరలు తీర్చుటకు పట్టణములలోని చదువుకొన్న యువకులు చేర్పులు వ్రాసి అమ్ముచున్నారు. ఇది మంచి వృత్తి. దానిని మేము నిందింపబూనలేదు.

చేర్పును అమ్ము రీతులు రెండు. చదువవీలైన మూలముతోనే ఇచ్చుట ఒకటి. యంత్రమునకు మాత్రమే తెలియు రూపమునకు మార్చి ఇచ్చుట రెండవది. ఈ రెండవ రీతిలో చేర్పును ఒక్క వర్తకుని అనుమతి సంఖ్యకే కట్టివేయుటయు కలదు. అమ్మువానికది తన కష్టమునకు కావలి. కొన్నవానికది తాళము వేసిన పెట్టె. తాళపుచెవి వేరొకని జేబులో నున్నది.

ఇక న్యాయశాస్త్రము మాట. 1957 నాటి కాపీరైటు చట్టము కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతిగ పరిగణించుచున్నది. పాఠకుడు లేని సాహిత్యము! అంతియ కాదు. బయటివానిచే డబ్బిచ్చి వ్రాయించుకొన్నంత మాత్రమున దానిపై హక్కు వ్రాయించుకొన్నవానికి రాదు. వ్రాతపూర్వకమైన బదలాయింపు లేనిచో వ్రాసినవానికే యుండును. మన వర్తకులు చేర్పును కొంటిమని తలచుచున్నారు. వారు కొన్నది వాడుకొను అనుమతి మాత్రమే. తన దుకాణపు లెక్క ఎట్లు నడచుచున్నదో చూచుకొను హక్కును ముందుగా వ్రాయించుకొనని వర్తకుడు, తన చీటీని చదువలేని రైతుకంటె ఏమంత మెరుగు?

ఆడిటు జాడ యున్నదిగదా యని కొందరందురు. 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీలు వాడు లెక్కల సాఫ్ట్‌వేరు, ఏ పద్దు ఎప్పుడు మారినదో తెలుపు జాడను తప్పక నిలుపవలెనని నిబంధన వచ్చినది. దానిని ఆపివేయుటకు వీలుండరాదు. 2002 నాటి చట్టసవరణతో పుట్టిన రైతు ఉత్పత్తిదారుల కంపెనీలును దీనికి లోబడినవే. నిబంధన మేలైనది. కాని సొంతపేర వ్యాపారము చేయు వర్తకునకు అది వర్తింపదు. వర్తించినను, పద్దు మారినదా యని చెప్పునే గాని ఆ పద్దును పుట్టించిన సూత్రము న్యాయమైనదా యని చెప్పదు. పైని చీటీలో ఎవరును ఏ పద్దును మార్చలేదు. జాడ నిర్మలము. 32 కిలోలు మాత్రము పోయినవి.

కావున మా మాట ఇది. శాసనము చేసినవారు దానిని గెజిట్టులో ప్రకటింతురు; తెలియని శాసనమునకు ప్రజను బద్ధుని చేయుట అన్యాయమని నాగరిక ప్రపంచమంతయు నొప్పుకొనినది. రైతు సొమ్మును కోయు సూత్రము అతని పాలిటికి శాసనముకంటె తక్కువది కాదు. చేర్పును ప్రచురించితిమని దాని కర్తలు చెప్పుకొనుచున్నారు. అమ్మకమునకు పెట్టుటయే ప్రచురణమా? దానిలోని లెక్కను లోకమునకు తెలుపుటయే ప్రచురణము.

మూలము బయటపెట్టిన ఎదుటివాడు కాజేయును, మా పొట్ట గడచుట ఎట్లని యువకులు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనది. మేమడుగునది మొదట సూత్రమును. తరుగు దేనిపై కట్టబడును, పైసలును గ్రాములును ఎచ్చట ఎట్లు సవరింపబడును, కమీషను తరుగునకు ముందా తరువాతనా — ఇది ఒక పుటలో తెలుగున వ్రాయవచ్చును. పుట తెలిసినంత మాత్రమున ఎవని నేర్పును పోదు. మూలమునే బయటపెట్టి బ్రతుకుచున్నవారును లేకపోలేదు. ముంబాయిలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ అను వ్యాపార సాఫ్ట్‌వేరు మూలముతో సహా బహిరంగముగ ప్రచురింపబడినది. దానిని మన జీఎస్టీ లెక్కలకు అనువుపరచు ఇండియా కంప్లయెన్స్ అను చేర్పును అట్టిదే. దానిని నెలకొల్పుట, నేర్పుట, మరమ్మతు చేయుట అను సేవలకే వారు ప్రతిఫలము పొందుదురు. వైద్యశాస్త్రము గ్రంథములలో నున్నదని వైద్యుడు పస్తుండుట లేదుగదా!

వర్తకులకు మా సలహా: చేర్పు కొనునపుడు మూలపు ప్రతి యొకటి మీకు గాని, మీ సంఘమునకు గాని అప్పగింపవలెననియు, వ్రాసినవాడు అందుబాటులో లేనపుడు మరియొకనిచే దిద్దించుకొను హక్కు మీకు గలదనియు కాగితముపై వ్రాయించుకొనుడు. ఆ కాగితమునకయ్యెడి వ్యయము ఒక ట్రే బంగినపల్లి ధరను మించదు. చీటీని తెలుగున అచ్చు వేయించుడు. తరుగు లెక్కను ఒక్క అంకెగా గాక వరుసగా చూపుడు. రైతు కంపెనీల డైరెక్టర్లు ముందుగా ఈ పని చేసి చూపినచో, ఇతరులు వెనుక రాకతప్పదు.

యువకులకును ఒక మాట. నూజివీడులో 2008లో వెలసిన ట్రిపుల్ ఐటీలో పల్లెల బిడ్డలు వేలకొలది చదువుచున్నారు. తమ తండ్రుల సరకు ఏ లెక్కన అమ్ముడగుచున్నదో తెలుపు నమూనా చేర్పు నొకదానిని మూలముతో సహా వారే ఏల ప్రచురింపరాదు? దూరదేశపు కంపెనీల లెక్కలు దిద్ద నేర్చిన చేతులు ఇంటి లెక్కను దిద్దరాదా?

ఆంధ్రదేశమున 1914లో గ్రంథాలయ సంఘము పుట్టినపుడు పెద్దలు కోరినది, తెలిసినవాని సొత్తుగానున్న విద్య తెలియనివానికి అందవలెననియే. ఈ పత్రికను చదువు పఠనమందిరములలో గోడలు గలవు. వచ్చు కాపునకు ముందు, తమ చేర్పు ఏ సూత్రమున నడచునో తెలుపు పుటను వర్తకులు అచ్చట అంటింతురు గాక. అక్షరము వచ్చినవాడు రానివానికి చదివి వినిపించును. లెక్క సరియైన వర్తకుని పేరు ఆ గోడయే నిలుపును.

స్వదేశపు సాధనము మనకున్నది. దాని లోపలి లెక్క మన కన్నుల కందిననాడే లెక్కలలో మనకు స్వరాజ్యము. అంతవరకు రైతు కాటాను చూచుకొనుచు మాత్రమే నిలువరాదు, చీటీని త్రిప్పి "ఈ అంకె ఎట్లు వచ్చెను?" అని అడుగవలెను. అడిగినవానికి చెప్పలేని లెక్క, ముద్ర లేని కాటాతో సమానము.