ఇంజిన్ ఆపకుండా బెల్టు ముట్టుకోవద్దు

ఫ్యాన్ బెల్టు కూత పెడుతోందంటే ఇంజిన్ నడుస్తుండగానే తల దూర్చి, చెయ్యి చాపి చూడటం లారీ షెడ్లలో మామూలైపోయింది. ఈ అలవాటు ఇవాళే మానాలి. బండి నిలబడి ఉన్నా ఇంజిన్ నిమిషానికి దాదాపు 600 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు పది. బెల్టుకీ పుల్లీకీ మధ్య వేలు పడితే లాక్కునే వ్యవధి ఉండదు. మెడలో తువ్వాలు, వదులు చొక్కా, చేతికి కడియం ఉంటే మరీ ప్రమాదం. బెల్టు మార్చేటప్పుడు తాళం చెవి మార్చేవాడి జేబులోనే ఉండాలి, బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి ఉండాలి. కింద మనిషి ఉన్నాడని తెలియక ఎవరైనా సెల్ఫ్ కొడితే అరిచి ఆపేలోపే చెయ్యి నలిగిపోతుంది.

రోడ్డు మీద పొంచి ఉన్న ప్రమాదం వేరు. చాలా ఇంజిన్లలో డైనమోను, నీళ్ల పంపును తిప్పేది ఈ రబ్బరు పట్టీయే. అది తెగగానే బ్యాటరీ దీపం వెలుగుతుంది. ‘చార్జింగే కదా, ఊరొచ్చాక చూద్దాం’ అనుకుంటే కొంప మునిగినట్టే. పంపు ఆగిన ఇంజిన్ కాసేపటికే కాగిపోతుంది; ముందు గాస్కెట్ పోతుంది, తర్వాత హెడ్డు పగులుతుంది, ఇంకా లాగిస్తే పిస్టన్లు పట్టేస్తాయి. వేడి చూపే మీటరు ముల్లు పైకి లేవలేదని ధైర్యపడకండి. నీళ్లు కారిపోయి సెన్సరు పొడిగా మిగిలితే ముల్లు చెప్పేది అబద్ధమే. దీపం వెలిగితే పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు, చన్నీళ్లు పోయొద్దు.

‘పగుళ్లు లేవు, బెల్టు బాగానే ఉంది’ అనే మాట పాత రబ్బరు నాటిది. ఇప్పటి గాడుల బెల్టుల్లో చాలావాటికి పగుళ్లు రావు, టైరులాగా అరుగుతాయి. గాడి లోతును గేజీతో కొలిస్తేనే తెలుస్తుంది. ఇక కూతకు సబ్బు, మైనం, స్ప్రే రాసి గొంతు నొక్కడం శుద్ధ తెలివితక్కువ పని. టెన్షనర్ వదులైందా, పుల్లీ వంకరపోయిందా, బేరింగ్ పట్టేసిందా, ఆయిలు కారుతోందా అన్నది చూడకుండా కొత్త బెల్టు వేస్తే అదీ తొందరగానే పోతుంది. జంట వీ-బెల్టులుంటే రెండూ కలిపే మార్చాలి. ఒక్కటే మారిస్తే బరువంతా కొత్తదాని మీదే పడుతుంది. గడ్డపార పెట్టి ఎక్కించడం వద్దు: లోపలి దారాలు తెగుతాయి, పైకి కనబడవు.

యజమానులకూ ఓ మాట. సరైన నంబరు బెల్టు ఒకటి, దాన్ని ఎక్కించే దారి బొమ్మ ఒకటి క్యాబిన్‌లో ఉంచండి. బెల్టు తెగిందని డ్రైవరు ఫోన్ చేస్తే ‘ఎలాగోలా లాగించు’ అనకండి. ‘అక్కడే ఆపు, మెకానిక్‌ను పంపుతున్నా’ అనండి.