ఊళ్లు ముంచి తెచ్చిన కరెంటు.. లెక్క చెప్పేదెవరు?

ఆలంపూర్‌లో ఇయ్యాల మనం మొక్కుతున్న సంగమేశ్వరుడు ఆలంపూర్ దేవుడు కాడు. కూడవెల్లి దేవుడు. శ్రీశైలం డ్యాం నీళ్లల్ల కూడవెల్లి మునుగుతుంటే గుడిని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టిండ్రు. దేవుడికి పునరావాసం దొరికింది. మరి మనిషికి? 1981లో కట్టుబట్టలతో గట్టెక్కిన నడిగడ్డ, కొల్లాపూర్ నిర్వాసితుల ఇంటికో కొలువు అని 1986లో 98 జీవో ఇచ్చిండ్రు. ఆ జీవో పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగిన యువకులు ముసలోళ్లయిండ్రు.

ఈ కథ మళ్లీ ఎందుకు చెప్తున్నమంటే, కరెంటు గురించి మాట్లాడే ప్రతి నాయకుడూ దాన్ని తన జేబులోంచి తీసి ఇచ్చినట్టు మాట్లాడుతున్నడు. మా ఊళ్ల మీద నిలిచిన నీళ్లతోనే శ్రీశైలం టర్బైన్లు తిరుగుతున్నయి. కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900 మెగావాట్లు. కరెంటు మాకు బిచ్చం కాదు. మేం ముందే కట్టిన పైకానికి రావలసిన సరుకు.

కరెంటు బిల్లుకూ తెలంగాణ ఉద్యమానికీ ఉన్న చుట్టరికం మరిచిపోయినోళ్లకు ఒకసారి యాది చేస్తం. 1998లో ఉమ్మడి అసెంబ్లీ విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. వెనుక ప్రపంచ బ్యాంకు అప్పు ఉంది. 1999లో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీల్చిండ్రు. రేట్లు పెంచే పని రెగ్యులేటరీ కమిషన్ చేతికి పోయింది. 2000లో చార్జీలు పెరిగితే జనం రోడ్డెక్కిండ్రు. ఆగస్టు 28న అసెంబ్లీకి పోతున్న జనం మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు తుపాకులు పేల్చిండ్రు. ముగ్గురు ప్రాణాలు వదిలిండ్రు. అప్పటి డిప్యూటీ స్పీకర్ కేసీఆర్ చార్జీల పెంపుపై ముఖ్యమంత్రికి లేఖ రాసింది ఆ ఏడాదే. 2001 ఏప్రిల్‌ల పదవి వదిలి, 27న పార్టీ పెట్టిండు. అంటే ఇంటి కరెంటు బిల్లు మీద పుట్టిన మంట కూడా మన ఉద్యమానికి నిప్పురవ్వే.

తెలంగాణ వస్తే చీకట్లేనని బెదిరించిండ్రు. 2014లో రాష్ట్రం వచ్చింది, చీకట్లు రాలే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చిండ్రు. మంచిని మంచి అనడానికి మాకు మొహమాటం లేదు. కానీ రాష్ట్రం తెచ్చుకున్నది ప్రశ్నలు మానుకోవడానికి కాదు.

2023 డిసెంబర్ 21న కొత్త సర్కారు అసెంబ్లీల విద్యుత్ శ్వేతపత్రం పెట్టింది. విద్యుత్ సంస్థల అప్పు 81,516 కోట్లన్నది. పాత సర్కారోళ్లు ఆస్తుల లెక్క చెప్పిండ్రు. 2024లో విచారణ కమిషన్, దాని మీద కోర్టు, మళ్లీ అసెంబ్లీల లొల్లి. తప్పు చేసినోడెవడైనా తేల్చాల్సిందే. కానీ ఆ లొల్లిల మా గుడిసెల బుగ్గ గురించిన మాట ఎంత? మెగావాట్లు, వేల కోట్లు మా తల మీదికెళ్లి పోతయి. మా చేతికొచ్చేది బిల్లు కాగితమే. ఆ కాగితాన్నే చదువుదాం రండి.

2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తున్నది. రేషన్ కార్డు ఉన్న పేదింటికి ఇది ఊరటే. మరి 201వ యూనిట్ కాలితే? ఒక్క యూనిట్‌కు కాదు, మొత్తానికి బిల్లు. 2022 టారిఫ్ లెక్క చూడండి. వంద దాటినోళ్లకు మొదటి వంద యూనిట్లు 3 రూపాయల 40 పైసలు, తర్వాతి వంద 4 రూపాయల 80 పైసలు. 200 యూనిట్లకు 820 రూపాయలు. 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకూ రేటు మారి 5 రూపాయల 10 పైసలయితది. ఆపై యూనిట్ 7 రూపాయల 70 పైసలు. అంటే 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ చార్జీ, ఇతర వడ్డనలు వేరే. పథకంల లేని చిన్న ఉద్యోగికి ఆ ఒక్క యూనిట్ ధర 207 రూపాయల 70 పైసలు. పథకంల ఉన్న కూలి మనిషికి సున్నా నుంచి వెయ్యి దాటిన బిల్లు! పాలమూరు ఎండల్ల రెండు ఫ్యాన్లు, ఒక కూలర్ తిరిగితే 200 దాటడానికి ఎంత సేపు?

ఇగ ప్రాణాల లెక్క. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంల మంటలు లేచి తొమ్మిది మంది బలయిండ్రు. వాళ్లు పారిపోయే దారి లేక పొగల ఊపిరాడక పోయిండ్రు. నేల కింద పనిచేసే ఇంజనీర్లకే భద్రత కరువైతే, చేన్ల తడి చేత్తో స్టార్టర్ ముట్టుకునే రైతుకు ఎవరు దిక్కు? వేలాడే తీగలు, కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్, ఎర్తింగ్ లేని మోటార్. స్తంభం ఎక్కేది తక్కువ జీతపు ఆర్టిజన్. 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ ప్రకారం కరెంటు ప్రమాదం జరిగితే నోటీసు ఇయ్యాలె, విచారణ చేసే అధికారం ఇన్‌స్పెక్టర్‌కు ఉన్నది. ఆ విచారణలు ఏం తేల్చినయో సచ్చినోడి ఇంటికి తెలియజేసే పద్ధతి ఉండొద్దా?

మేం అడుగుతున్నది మూడే ముచ్చట్లు. ఒకటి, 200 దాటితే దాటిన యూనిట్లకే బిల్లు వెయ్యాలె. రెండు, కరెంటు చావుల లెక్క, కారణం, అందిన పరిహారం జిల్లాల వారీగా ప్రతి బడ్జెట్ సమావేశంల అసెంబ్లీ ముందు పెట్టాలె. మూడు, ముంపు ఊళ్ల నిర్వాసితులకు 98 జీవో బాకీ తీర్చాలె.

పోరాడితే ఆగుతదనడానికి సాక్ష్యం దూరంల లేదు. 300 యూనిట్లు దాటిన ఇండ్ల ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కు 10 రూపాయల నుంచి 50కి పెంచాలని 2024లో డిస్కంలు అడిగితే, జనం, పార్టీలు లొల్లి పెట్టినయి. అక్టోబర్‌ల కమిషన్ వాళ్లందరికీ పెంచడానికి ఒప్పుకోలేదు. నోరు తెరిస్తే ఆగింది. మూసుకుంటే మీటర్ తిరుగుతది.

విద్యార్థులారా, ఉద్యోగులారా! ఈ నెల బిల్లు కాగితం చింపెయ్యకుండ్రి. మీ ఎమ్మెల్యే ఊరికొచ్చిన నాడు చేతిల పెట్టి ఒక్కటే అడగండి: మా ఊళ్లు మునిగినయి, వెలుగెవరికి?

జై తెలంగాణ!