ఫోన్ తడిస్తే బియ్యం సంచి ఎందుకబ్బా?

ఈరోజు పంట గురించి కాదు, జేబులో ఉండే ఫోన్ గురించి రాస్తుండా. అక్టోబర్ దాటితే మన నెల్లూరు తీరానికి వానలు, వాయుగుండాలు మొదలు. ఇక ఊరూరా ఒకటే మాట. "ఫోన్ తడిసిందా అన్నా? బియ్యంలో పెట్టు." చదువుకున్న పిల్లకాయలు కూడా ఇదే చెబుతుండారు. వాట్సాప్‌లో ఒకరు పంపిస్తే పదిమంది పంపిస్తుండారు.

నేను గట్టిగానే చెబుతా. ఇది పనికిరాని మాట. అంతేకాదు, బాగుపడే ఫోన్ను కూడా చంపే మాట.

మనం వరి పండించేవాళ్ళం. బియ్యం గురించి, తేమ గురించి మనకు ఇంకొకరు చెప్పాల్నా? తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వడ్లు పక్కన పెట్టేస్తారు. ఆ రెండు మూడు శాతం దించడానికి రోడ్డు మీద పోసి, కాళ్ళతో తిరగేసి, మబ్బు పడితే పట్టలు కప్పి, మబ్బు పోతే మళ్ళీ తీసి ఎన్ని అవస్థలు పడతాం! ఆరబెట్టేది ఎండ, గాలి. గింజ పక్కన గింజ పెడితే ఏదీ ఆరదు. ఇంట్లో డబ్బాలో ఉన్న బియ్యం మన సముద్రపు గాలిలోని తేమకు ఎప్పుడో సర్దుకొని ఉంటాయి. ఇంకా నీళ్ళు తాగాలని దప్పికతో కూర్చొని లేవు. పైగా ఫోన్లో నీళ్ళు చేరేది బోర్డు మీద రేకు మూతల కింద, చిప్పుల అడుగున. బయట ఉన్న గింజ ఆ నీళ్ళను ఎట్లా పీలుస్తుంది? బీపీటీ అయినా, మొలగొలుకులు అయినా, పుట్టి వడ్లలో, అంటే 850 కిలోల్లో పూడ్చిపెట్టినా అంతే.

"మా బావమరిది ఫోన్ బియ్యంలో పెడితే బాగైంది" అంటారు. అయ్యుంటుంది, కాదనను. రెండు రోజులు స్విచ్చాఫ్ చేసి కదిలించకుండా పెట్టాడు కాబట్టి ఆరింది. బల్ల మీద ఫ్యాన్ కింద పెట్టినా ఆరేది. పేరు మాత్రం బియ్యానికి వచ్చింది. ఐఫోన్ చేసే యాపిల్ కంపెనీ కూడా బియ్యం సంచిలో పెట్టొద్దు, బియ్యపు నలుసులు ఫోన్ను పాడుచేయొచ్చు అని తన సూచనల్లో రాసింది. 2024 మొదట్లో అది వార్తల్లోనూ వచ్చింది. అయినా మన ఊళ్ళల్లో మాట మారలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. మెట్ట ప్రాంతంలో ఫోన్ బకెట్లో పడటం వేరు, మన కాడ పడటం వేరు. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, ఎక్కడ చూసినా రొయ్యల గుంటలు, ఉప్పుటేరులు, కయ్యలు. మన నీళ్ళు ఉప్పు నీళ్ళు. సముద్రం నీళ్ళు లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. గుంటల్లో అంతకన్నా తక్కువ ఉండొచ్చు, అయినా ఫోన్‌కు అది చాలు. నీళ్ళు ఆరిపోతాయి. ఉప్పు ఆరదు, బోర్డు మీదే ఉంటుంది. వానాకాలం ఇంట్లో కల్లుప్పు జాడీ చూడండి, ఎవరూ నీళ్ళు పోయకపోయినా చెమ్మగిల్లి ఉంటుంది. ఫోన్ లోపల మిగిలిన ఉప్పు కూడా అట్లే గాలిలో తేమను లాక్కుంటుంది. దానికి కరెంటు తోడైతే రాగిని తినేస్తుంది. ఏరేటర్ ప్యానల్ బోర్డు మూత తీసి చూసినవాళ్ళకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ఒక్క పంటకే తీగల కొనలు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. అంత లావు తీగల గతే అది. ఫోన్ బోర్డులో గీతలు వెంట్రుక కన్నా సన్నం.

మా ఊళ్ళో గుంట మీద పనిచేసే పిల్లోడు ఒకడు చెక్ ట్రే పైకి లాగుతుంటే ఫోన్ జారి నీళ్ళల్లో పడింది. వెంటనే తీశాడు, పని చేస్తానే ఉంది. పదిమంది సలహా చెప్పారు, బియ్యంలో పెట్టాడు. రెండో రోజు తీసి ఛార్జింగ్ పెట్టాడు. ఆ రాత్రికి పోయింది. మూడో రోజు మెకానిక్ తెరిస్తే బోర్డు పచ్చగా ఉంది. "పడిన రోజే తెచ్చి ఉంటే కడిగి ఇచ్చేవాడిని" అన్నాడు. బియ్యం చేసిన మేలు ఇదే, రెండు రోజులు పోగొట్టింది.

కాబట్టి నీళ్ళల్లో పడితే ముందు స్విచ్చాఫ్ చేయండి. పని చేస్తుందా లేదా అని పదిసార్లు బటన్ నొక్కి చూడొద్దు. ఛార్జర్ జోలికి పోవద్దు. పౌచ్ తీసి, సిమ్ ట్రే బయటికి లాగి, పొడి గుడ్డతో తుడిచి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేట్టు పట్టుకొని అరచేతికేసి మెల్లగా తట్టండి. హెయిర్ డ్రయర్ వద్దు. రేకుల మీద మండే ఎండలో పెట్టొద్దు, లోపల ఉండేది లిథియం బ్యాటరీ, దానికి వేడి పడదు. ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జింగ్ మాట మరిచిపోయి, గడ్డివాముకీ మంచానికీ దూరంగా పెట్టండి.

పడింది ఉప్పునీళ్ళల్లో అయితే ఇంకొకటి ఉండాది. ఐపీ67, ఐపీ68 అని రాసిన ఫోన్ అయితే, స్విచ్చాఫ్ చేశాక పైన మంచినీళ్ళతో కడగమని కంపెనీలే చెబుతాయి. తడిసిన ఫోన్‌కు మళ్ళీ నీళ్ళేంది అంటారు. ఉప్పును తీసేది మంచినీళ్ళే, చౌడు నేలకు నీళ్ళు పెట్టి ఉప్పు కడిగేవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఆ రాత లేని మామూలు ఫోన్ను మాత్రం మీరు కడగొద్దు. అదే రోజు మెకానిక్ కాడికి తీసుకుపోండి. "ఉప్పునీళ్ళల్లో పడింది" అని నోరు తెరిచి చెప్పండి. బ్యాటరీ కనెక్షన్ తీసి, బోర్డును ఐపీఏ అనే స్పిరిట్‌తో బ్రష్ పెట్టి కడగడం వాళ్ళకు తెలుసు. దాచిపెట్టి "ఊరికే ఆగిపోయింది" అంటే ఆయన డిస్‌ప్లే చూస్తాడు, బ్యాటరీ చూస్తాడు, రోజు గడిచిపోతుంది.

అన్నిసార్లూ నెల్లూరుకు పోయే దారి ఉండదు, నిజమే. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు కాడ రైలు కట్ట కోసుకుపోయింది, హైవే తెగింది. అప్పుడు మెకానిక్ ఎక్కడ? అట్లాంటప్పుడు ఫోన్ ఆపేసి గాలి తగిలే చోట పెట్టి ఉంచడమే. సిమ్ మాత్రం తుడిచి వెంటనే ఇంట్లో ఉన్న బటన్ ఫోన్లో వేయండి. చిన్న సిమ్ పట్టకపోతే దానికి అడాప్టర్ అని ప్లాస్టిక్ ముక్క దొరుకుతుంది, ఇప్పుడే ఒకటి కొని పెట్టుకోండి. మనకు ముఖ్యం బొమ్మలు కాదు, ఓటీపీ. బ్యాంకుకు అదే, ఆధార్‌కు అదే. పీఎం కిసాన్ ఈ-కేవైసీకి ఓటీపీ రాకపోయినా మీసేవలాంటి కేంద్రాల్లో వేలిముద్రతో చేయొచ్చు. 2000 కిస్తీ పోతుందని భయపడి తడి ఫోన్ను ఆన్ చేయొద్దు.

ఇక కంపెనీల సంగతి. మన మీద మనం అరుచుకోవడం ఒక ఎత్తు, వాళ్ళను అడగడం ఒక ఎత్తు. టీవీలో ఫోన్ను నీళ్ళల్లో ముంచి చూపిస్తారు. దుకాణంలో కుర్రాడు "వాటర్ ప్రూఫ్ అన్నా" అంటాడు. వారంటీ కాగితంలో సన్న అక్షరాల్లో నీళ్ళవల్ల పాడైతే మాకు సంబంధం లేదు అని ఉంటుంది. లోపల ఒక తెల్ల స్టిక్కర్ అతికించి ఉంటుంది, తడి తగిలితే ఎర్రగా మారుతుంది. సర్వీసు సెంటర్‌లో ముందు చూసేది దాన్నే. నీళ్ళల్లో మునిగినా ఏం కాదు అని అమ్మినోడే, నీళ్ళు తగిలింది కాబట్టి డబ్బులు కట్టు అంటే దాన్ని ఏమనాల?

ఐపీ67 అంటే కొత్త ఫోన్ను మీటరు లోతు మంచినీళ్ళల్లో 30 నిమిషాలు పెట్టి చూసిన పరీక్ష. రెండుసార్లు గట్టు మీద కిందపడి, రెండేళ్ళు ఎండలో తిరిగిన మన ఫోన్‌కు ఆ అంకె వర్తించదు. మనం కొనే తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఐపీ52, ఐపీ54 అని ఉంటుంది. అది చినుకులకు, తుంపరకు మాత్రమే. ఈ తేడా తెలుగులో పెట్టె మీద రాయడానికి ఏం రోగం?

పాత బటన్ ఫోన్లలో వెనక మూత గోటితో తీసి బ్యాటరీ లాగేసేవాళ్ళం. కరెంటు అక్కడికక్కడ తెగిపోయేది. ఇప్పుడు జిగురు పెట్టి మూసేస్తుండారు. స్విచ్చాఫ్ చేసినా బ్యాటరీ బోర్డుకు తగులుకొనే ఉంటుంది. సన్నగా ఉండాలంట, మనం అడిగామా సన్నగా కావాలని?

అడిగిన దేశాల్లో మాత్రం జవాబు వచ్చింది. సముద్రంలో, ఈతకొలనులో వాడొచ్చు అన్నట్టు ప్రకటనలు ఇచ్చినందుకు ఆస్ట్రేలియా కోర్టు 2022లో అక్కడి శాంసంగ్‌కు 1 కోటి 40 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. తడిమీద ఛార్జింగ్ పెడితే ఛార్జింగ్ పోర్టు తుప్పు పట్టొచ్చని కంపెనీ కోర్టులో ఒప్పుకుంది. ఇటలీలో 2020లో యాపిల్‌కు 1 కోటి యూరోల జరిమానా పడింది, నీటిని తట్టుకుంటుందని గొప్పలు చెప్పి వారంటీ ఇవ్వనందుకు. వాళ్ళకే సముద్రం ఉందా, మనకు లేదా?

మనకూ 2019 వినియోగదారుల చట్టం ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం అందులో ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే పోయి చెప్పుకోవచ్చు. ముందుగా 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చు. దానికి మీ కాడ కాగితం ఉండాల. ఫోన్ కొన్న బిల్లు బీరువాలో పెట్టండి, పెట్టె పారేయొద్దు. దుకాణంవాడు వాటర్ ప్రూఫ్ అంటే "ఆ మాట బిల్లు మీద రాసి సంతకం పెట్టు నాయనా" అని అడగండి. రాస్తాడో, నోరు మూసుకుంటాడో అక్కడే తేలిపోతుంది.