సర్వర్ ఆగితే ముందు ప్లగ్ మీద చెయ్యి వేయకండి



మన ఆఫీసులోని చిన్న లైనక్స్ సర్వర్, అదే రాస్‌బెర్రీ పై 4, మాటిమాటికీ ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు ప్లగ్ పీకి మళ్లీ పెడుతున్నారు. ఇప్పుడు కొత్త కంప్యూటర్ కొందామంటున్నారు. నాకు సమ్మతం కాదు. కొత్తదాన్నీ యూపీఎస్ లేని ఆ ప్లగ్‌కే పెడతాం కదా?

స్టేషన్‌లో సిగ్నల్ ఫెయిలైతే టైమూ వివరమూ రిజిస్టర్‌కు ఎక్కాల్సిందే. ఇక్కడ అలాంటి పుస్తకమే లేదు.

ముందు కరెంటు చూడాలి. ఈ మిషన్‌కు 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. మామూలు ఫోన్ చార్జర్ చాలకపోవచ్చు. వోల్టేజి సుమారు 4.63 కంటే తగ్గితే మిషనే గుర్తు పెట్టుకుంటుంది. 'వీసీజెన్‌సీఎండీ గెట్_త్రాటిల్డ్' అని అడిగితే చెబుతుంది. సున్నా వస్తే మంచిదే. రీస్టార్ట్ చేస్తే ఆ గుర్తు చెరిగిపోతుంది, కాబట్టి నడుస్తుండగానే రోజూ చూడాలి.

తర్వాత లాగ్. దాన్ని కార్డులో నిలిచేలా పెట్టుకుంటే, 'జర్నల్‌సీటీఎల్ -బీ -1' అంటే ఆగకముందు ఏం జరిగిందో కనిపిస్తుంది. 'అవుట్ ఆఫ్ మెమరీ' అని ఉంటే మెమరీ చాలలేదు. 'ఐ/ఓ ఎర్రర్' అని ఉంటే ఎస్‌డీ కార్డును అనుమానించాలి. రాస్తుండగా కరెంటు పోతే కార్డులోని ఫైళ్లు పాడవుతాయి. హూడిలో కరెంటు సంగతి మీకు చెప్పాలా!

అందులో ఉన్నది మన సహాయ నిధి లెక్క. ఎవరి వైద్యానికి ఎంత ఇచ్చామో, ఎవరు ఎంత కట్టారో అంతా అక్కడే. అందుకే ఈ రోజే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీయండి. రెండు వారాలు రిజిస్టర్ రాయండి. కొనాలా వద్దా అన్నది అది చూసి మాట్లాడుకుందాం.