నల్ల పావులు వస్తే ఏడుపెందుకు?



మన హాస్టల్లో చదరంగం బోర్డు ఒక్కటే ఉంది. ఆదివారం అక్కడ మొదటి గొడవ తెల్ల పావుల కోసమే. పెద్ద అక్కలు ముందే పట్టేసుకుంటారు. నల్లవి వచ్చినవాళ్ళు ఆట మొదలవకముందే "నేను ఓడిపోతాలే" అంటారు. ఇంక మంత్రి పోయిందంటే పావులన్నీ కలిపేసి లేచిపోతారు. ఇది తప్పని నా అభిప్రాయం.

నేనూ అదే చేశాను, దాచను. పోటీలకు వెళ్ళినప్పుడు నాకు నల్లవి వచ్చాయి. మంత్రి పోగానే భయమేసి ఓటమి ఒప్పేసుకున్నాను. బస్సులో సార్ అడిగారు, "రెండు ఏనుగులూ ఉన్నాయి కదమ్మా, ఎందుకు లేచావు?" అని. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత సార్ ఒక ఆట ఎత్తులు కాగితం మీద రాసి ఇచ్చారు. 1956 అక్టోబరు 17న అమెరికాలో, న్యూయార్క్ టోర్నమెంటులో ఆడిన ఆట. తెల్లవి డొనాల్డ్ బైర్న్‌వి. ఆయనకు 26 ఏళ్ళు, పేరున్న ఆటగాడు. నల్లవి బాబీ ఫిషర్‌వి. అతనికి 13 ఏళ్ళే, నాకన్నా ఒక ఏడు చిన్న! 17వ ఎత్తులో అతని మంత్రి చావుకి సిద్ధంగా ఉంది. అయినా దాన్ని తప్పించకుండా శకటును జరిపాడు. పావులు పెట్టి చూస్తుంటే వీడికి పిచ్చేమో అనుకున్నాను. కాదు. గుర్రం, శకటు కలిసి తెల్ల రాజుని అటూ ఇటూ తరిమాయి. మంత్రికి బదులు ఒక ఏనుగు, రెండు శకట్లు, ఒక బంటు వచ్చాయి. బైర్న్ మంత్రి బోర్డుకి అవతలి చివర ఊరికే నిలబడిపోయింది. 41వ ఎత్తుకి ఆటకట్టు. బైర్న్ ముందే లేచిపోవచ్చు, కానీ పిల్లవాణ్ణి చివరిదాకా ఆడనిచ్చాడు. అది కూడా నాకు నచ్చింది.

మా ఇంట్లో చదరంగం ఎవరికీ రాదు. మా అవ్వ బండ మీద బొగ్గుతో గీసి పులి-మేక ఆడుతుంది. మూడు పులులు, పదిహేను మేకలు. రెండు మేకలు పోయాయని అవ్వ లేచిపోదు, మిగతావాటితో పులుల్ని కదలకుండా కట్టేస్తుంది. ఫిషర్ ఆట చెప్తే అవ్వకి వెంటనే అర్థమవుతుంది.

తెల్లవాటికి ఒక ఎత్తు ముందుంటుంది, నిజమే. అందుకే లాక్కోవద్దు, గుప్పిట్లో బంట్లు దాచి ఎంచుకుందాం. ఇంకోటి, "నల్లపిల్లకి నల్ల పావులు" అని నవ్వడం మానండి. నాకు నవ్వు రావటం లేదు.

ఈ ఆదివారం బట్టలు ఉతుక్కున్నాక వరండాలో బోర్డు పెడతాను. నాతో ఆడేవాళ్ళు తెల్లవి తీసుకోవచ్చు.